నాలుగో సీసా

మా ఆఫీసులో పాలకైనా పప్పునూనెకైనా నాలుగు వాటాలు.
ఒకటి నాచారం ల్యాబుకి,
రెండు పెద్దసారు బీరువాలోకి,
నాలుగోది, ఆ షాపువాడు అడిగితే, ఇంకో ల్యాబుకి.
అడిగినవాణ్ణి నేనింకా చూళ్లేదు.
లక్క కరిగించి సీలు వేసేది నేనే.
గోళ్ల చుట్టూ ఎరుపు పోదు.
గోరింటాకు పెట్టుకున్నావా నాన్నా అని మా చిన్నది నవ్వుతుంది.

మొన్న రామంతాపూర్‌లో ఒక పాల ఆటోని ఆపాం.
ఆరు క్యాన్లు. యూరియా, సబ్బు నురగ,
అడుగున ఎక్కడో కొంచెం గేదె.
పిల్లల హాస్టల్‌కట.
ఖుద్దూస్ సార్ పంచనామా రాసి, ఫోటో దిగి
"పారబొయ్" అన్నారు.
పోశాను.
నాలాలో కొంతదూరం తెల్లగానే నడిచింది,
కల్వర్టు కింద బూడిదరంగై
అవతల కనబడలేదు.
ఆ రాత్రి రెండొందలమంది పిల్లలు
కడుపు పట్టుకోకుండా పడుకున్నారు.
అది అబద్ధం కాదు.
దాన్ని ఈ కవితలోంచి ఎవరూ కొట్టెయ్యడానికి వీల్లేదు.

ఆ వెనక ఒక హోటల్లో
మరిగి మరిగి తారైన నూనె,
ఫ్రిజ్‌లో పచ్చబడిన కోడి,
కార్బైడ్ పొట్లాల్ని పిల్లల్లా పొదిగిన మామిడి గంపలు.
మళ్లీ ఎవరూ ఏరుకు తినకుండా ఫినాయిల్ కలిపి
దగ్గర్లో ఏ నాలా ఉంటే ఆ నాలా.
రిజిస్టర్లో "ధ్వంసం చేయడమైనది" అని రాస్తాను.
నా దస్తూరీ బావుంటుందంటారు.

ఇవాళ ఆకుకూరల వంతు.
ప్రతాపసింగారం పోయే దారిలో, మూసీ ఒడ్డున,
బాలనర్సమ్మ మడి.
పాలకూర ఎంత నిగనిగలాడుతోందంటే
అనుమానించడానికి సిగ్గేసింది.
"కొయ్యుండ్రి సార్, పైసలేం వద్దు" అంది.
కోస్తుంటే గుడిసె వెనక ఇంకో మడి కనిపించింది,
చాప వెడల్పు కూడా లేదు,
ఆకులు చిన్నవి, పురుగు కొట్టినవి.
"అదేంటి?"
"అది మా ఇంటికి. బోరు నీళ్లది."
"మరి ఇది?"
"గిది మీకు."
టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పింది.
కాసేపాగి కొంగుతో మెడ తుడుచుకుంటూ
"రెండేండ్ల సంది బోరు గూడ వాసనొస్తున్నది.
ఏదో ఒకటి మంచిదని అనుకోవాలె గద."

ఒడ్డు మీద నిలబడి చూశాను.
నది మీద నురగ, దూది ఏకినట్టు,
గాలికి లేచి పాలకూర మీద వాలుతోంది.
ఆ తెలుపు నాకెక్కడో పరిచయం.

ఫారంలో గడులు మావి మాకున్నాయి:
రంగు, వాసన, పురుగుమందు, సీసం.
ఆకులో ఎంత ఉందో చెప్పే గడి ఉంది.
ఎటునుంచి వచ్చిందో అడిగే గడి లేదు.
హద్దు దాటితే ఈ మడి కూడా ధ్వంసం.
ఎక్కడ పారేస్తామో
ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఆకుకి సీసా అక్కర్లేదు, కవర్లు చాలు.
సంచిలో నాలుగు ఖాళీ సీసాలు
దారి పొడుగునా ఒకదాన్నొకటి కొట్టుకుంటూ వచ్చాయి.
మూడింటిని అలాగే వదిలేశాను.
నాలుగోదాన్ని, చెప్పులు విప్పి,
మోకాళ్ల దాకా దిగి, నదిలో ముంచాను.
ఎవరి ఉత్తర్వూ లేదు.
బాలనర్సమ్మ మాత్రం గట్టు మీంచి
"కాళ్లు దురద పెడ్తయి సారూ, సబ్బుతోని కడుక్కో" అని అరిచింది.

కడుక్కున్నాను. ఆ నురగా అందులోకే పోయింది.

జీపులో కూర్చుని లేబుల్ తీశాను.
పదార్థం: నీళ్లు అని రాసి, కొట్టేసి,
మళ్లీ నీళ్లు అనే రాశాను.
తేదీ. స్థలం.
తయారుచేసినవారి పేరు, అని ఉంది తర్వాతి గీత.
కింద సంతకానికి ఎప్పట్లాగే రెండు చుక్కలు.

లక్క కరుగుతోంది,
ఖుద్దూస్ సార్ హారన్ కొడుతున్నారు,
పేరు దగ్గర కలం పెట్టి
నా దస్తూరీ కోసం చూస్తున్నాను.